తమ్ముడు మిషన్‌కి వెళ్ళి మూడు వారాలే అయింది, ఫోన్‌లో ఏడుస్తున్నాడు. వెనక్కి రప్పించాలా?

గోదారి_అక్క:

నమస్తే అందరికీ. ఇక్కడ చదివి పోవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది రాజమండ్రి. నాన్నగారు లేరు, అమ్మ, నేను, తమ్ముడు. తాతగారి కాలం నుంచీ బాప్టిస్టులం. తమ్ముడు మాత్రం ఇంటర్‌లో ఉండగా స్నేహితుడితో కలిసి ఎల్డీఎస్ చర్చికి (మోర్మన్లు అంటారే, వాళ్ళే) వెళ్ళడం మొదలుపెట్టి ఏడాది తిరక్కుండా అందులో చేరిపోయాడు. అమ్మ నెల రోజులు వాడితో మాట్లాడలేదు. తర్వాత వాడు పొద్దున్నే లేచి మంచినీళ్ళు పట్టడం, అడక్కుండా అంట్లు తోమడం చూసి మెత్తబడింది. ఆ చర్చిలో టీ తాగకూడదని మానేశాడు, అది మాత్రం ఇప్పటికీ అమ్మకి బాధే, మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు పొయ్యి మీద టీ గిన్నె ఉంటుంది.

ఇప్పుడు వాడికి పంతొమ్మిది. రెండేళ్ళ మిషన్‌కి (ఊరు కాని ఊళ్ళో ఉండి మత ప్రచారం చెయ్యడం) పేరిస్తే ఇంగ్లండ్ వచ్చింది. ఎక్కడికెళ్ళాలో మనం కోరుకోవడం ఉండదట, పిలుపులో ఏ ఊరొస్తే ఆ ఊరే. ప్రెస్టన్ పక్కన చోర్లీ అనే చోట రెండు వారాలు ట్రైనింగ్. అక్కడున్నన్నాళ్ళూ హుషారుగానే ఉన్నాడు, దేశదేశాల కుర్రాళ్ళతో ఫొటోలు పంపాడు. తర్వాత లీడ్స్ దగ్గర హడర్స్‌ఫీల్డ్‌లో వేశారు, అక్కడ మొదలైంది అసలు కథ.

వాడికి ట్రైనర్‌గా ఇచ్చింది అమెరికాలోని ఐడహో కుర్రాణ్ణి, ఇరవై ఏళ్ళు. మంచివాడేనట గానీ వాడూ వీడూ ఇరవైనాలుగు గంటలూ కలిసే ఉండాలి, ఒకరికి ఒకరు కనబడుతూ ఉండాలి. బాత్రూం తలుపేసుకున్నప్పుడు తప్ప నాకు నేనంటూ లేను అక్కా అన్నాడు. ఆరున్నరకి లేవడం, చదువుకోవడం, తలుపులు కొట్టడం, పదిన్నరకి పడుకోవడం. సాయంత్రం నాలుక్కే చీకటి పడుతోందట. ఊరంతా ఎత్తుపల్లాలు, ఎప్పుడు చూసినా తుంపర. బస్ డ్రైవర్ వీణ్ణి 'లవ్' అని పిలిచాడట, మగాడు మగాణ్ణి అలా పిలవడమేంటని హడిలిపోయాడు, అక్కడ అందరినీ అలాగే అంటారని తర్వాత తెలిసింది.

ఇంకోటి, వాడి పేరు పోయింది. బ్యాడ్జి మీద 'ఎల్డర్' అని, పక్కన మా ఇంటిపేరు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి ఎవరూ ఇంటిపేరుతో పిలవలేదు. ఇప్పుడు అందరికీ అదే పేరు, అదీ సరిగ్గా పలకరు. అమ్మకైతే 'ఎల్డర్' అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా చర్చిలో సంఘ పెద్ద అంటే డెబ్భై ఏళ్ళాయన, చేతికర్రతో వస్తారు.

మొన్న సోమవారం ఫోన్ చేశాడు. (సోమవారం వాళ్ళకి పీ-డే అంటారు, బట్టలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోన్ అన్నీ ఆ రోజే.) వర్షంలో తడిసిన వీళ్ళని చూసి ఒక ముసలాయన లోపలికి రమ్మన్నాడట. అడక్కుండానే టీ పెట్టి, పాలు పోసి తెచ్చి చేతికిచ్చాడు. ట్రైనర్ మర్యాదగా వద్దన్నాడు గానీ అప్పటికే వీడు కప్పు అందుకున్నాడు. తాగితే నియమం తప్పినట్టు, తిరిగిస్తే ఆయన నొచ్చుకుంటాడేమో. అలా పట్టుకునే కూర్చున్నాడట, చల్లారిపోయి పైన తరక కట్టేదాకా. లేచేటప్పుడు ఆయన కప్పులోకి చూసి, బాగా లేదా బాబూ అన్నాడట. బయటికొచ్చాక వీడికి ఏడుపాగలేదు. ఇది చెప్తూ ఫోన్‌లోనూ ఏడ్చాడు. టీ కప్పుకి ఏడుపేంటో నాకర్థం కాలేదు.

అమ్మ అప్పటి నుంచీ సరిగ్గా తినడం లేదు. వాళ్ళ పెద్దలతో మాట్లాడి రప్పించెయ్ అంటోంది. నాకేమో రప్పిస్తే వాడు జీవితాంతం నన్ను అంటాడేమోనని టెన్షన్. మిషన్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు గానీ, పిల్లల్ని పంపినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. మతం మంచిదా చెడ్డదా అన్న వాదన వద్దు, ప్లీజ్, అది మా ఇంట్లోనే కావలసినంత అయింది.


విశాఖ_సిస్టర్:

అక్కా, నేను వెళ్ళొచ్చాను. 2016లో, పద్దెనిమిది నెలలు, అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ టెంపుల్ స్క్వేర్, అంటే మా చర్చి ముఖ్య ఆలయం ఉన్న ఆవరణ. అక్కడ ఉండేవాళ్ళమంతా అమ్మాయిలమే, ఎన్నో దేశాల వాళ్ళం. నా బ్యాడ్జి మీద పేరుతో పాటు మన జెండా ఉండేది.

ముందు మీ టీ కప్పు సంగతి. వాడు టీకి ఏడ్చాడని నేననుకోను. హడర్స్‌ఫీల్డ్‌కి వచ్చాక ఎన్ని తలుపులు మొహం మీద మూసుకుని ఉంటాయో లెక్కేసుకోండి. వాటి మధ్యలో ఒక మనిషి లోపలికి రా బాబూ, కూర్చో అన్నట్టు పిలిచాడు, ఆ ఒక్కడినీ నొప్పించి వచ్చానే అనుకున్నాడు. పైగా పెద్దవాళ్ళిచ్చింది కాదనకూడదని మీ ఇంట్లో నేర్పారు, ఇచ్చింది తాగకూడదని చర్చిలో నేర్పారు. రెండూ ఒకే కప్పులోకి వచ్చి పడ్డాయి పాపం.

నా మొదటి వారాలు చెప్తాను. నేను ఒక్కదాన్నే పడుకునే గది లేదు, ఒక్కదాన్నే నడిచే వీధి లేదు. నా కంపానియన్ (ఎప్పుడూ జంటగా ఉండే తోటి మిషనరీ) నిద్రలో ఏదో పాట పాడేది. రాత్రి దుప్పటి ముసుగేసుకుని తెలుగులో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని, చప్పుడు బయటికి రాకుండా. రెండో నెలలో ఒక రోజు టూరిస్టులకి దారి చూపిస్తుంటే లాల్చీ మీద స్వెటర్ వేసుకున్న ఒక పెద్దాయన నా బ్యాడ్జి వైపు వంగి చూసి 'ఏమ్మా, తెనాలి వైపా, విజయనగరం వైపా?' అన్నారు. ఇంటిపేరు చూసి కనిపెట్టేశారు! కొడుకు దగ్గరికి వచ్చారట. నాకు నోట మాట రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి జేబులోంచి వేయించిన పల్లీలు తీసి ఇచ్చారు. కాబట్టి ఇంటిపేరు పెట్టి పిలుస్తున్నారని మరీ బాధపడకండి, దానివల్ల కూడా ఎప్పుడో ఒకప్పుడు పని జరుగుతుంది.

మీకు ఒక సుఖం ఉంది, నాకు లేదు. అప్పట్లో ఇంటికి ఫోన్ అంటే క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ మాత్రమే, మిగతా అంతా ఈమెయిలే. 2019 ఫిబ్రవరి నుంచే వారం వారం ఫోన్, వీడియో కాల్ ఒప్పుకున్నారు. అయితే ఆ సుఖంలో ఒక చిక్కుంది. వాడు వారమంతా ఎలాగో నెట్టుకొచ్చి సోమవారం అమ్మ మొహం చూడగానే కట్ట తెగుతుంది. మీరు చూసేది వాడి వారంలో ఆ గంట మాత్రమే. మా కంపానియన్ ఒకామె క్రిస్మస్ ఫోన్ పెట్టేసి పది నిమిషాల్లో కాఫీ రంగు మచ్చ పడిన షర్టు ఉతుక్కుంటూ నవ్వింది, అటువైపు వాళ్ళమ్మ రాత్రంతా నిద్రపోలేదట.

లెక్క కూడా చెప్తాను. ఆరు వారాలకో ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, అంటే కంపానియన్‌ని గానీ ఊరిని గానీ మార్చే అవకాశం. కొత్తవాళ్ళకి ట్రైనింగు మామూలుగా రెండు ట్రాన్స్‌ఫర్లు, పన్నెండు వారాలు. మిషన్ భాషలో ట్రైనర్‌ని సరదాగా 'నాన్న' అంటారు, కొత్తవాణ్ణి 'గ్రీనీ' అంటారు. మీవాడికి ఇంకా పాలపళ్ళు ఊడని వయసు అన్నమాట. వాళ్ళకి ఒక చిన్న పుస్తకం కూడా ఇస్తారు, కొత్త జీవితానికి అలవాటుపడటం గురించి. అందులో ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని రంగులుగా పెట్టారు. ఈసారి ఫోన్‌లో 'ఎలా ఉన్నావురా' అనకుండా 'ఏ రంగులో ఉన్నావ్' అని అడగండి. ఎలా ఉన్నావంటే ఏడుస్తాడు, రంగు అడిగితే ఆలోచించి చెప్తాడు.

వాడికి చెప్పడానికి ఒక కథ. 1933లో ఒక అమెరికా కుర్రాడు మీవాడు ట్రైనింగైన చోటికి పక్కనే ఉన్న ప్రెస్టన్‌లో మిషన్‌కి దిగాడు. జబ్బు, పైగా ఎవరూ వినరు. నా టైమూ మీ డబ్బూ దండగవుతున్నాయి అని నాన్నకి ఉత్తరం రాశాడు. ఆయన జవాబు ఒక్క ముక్క, నిన్ను నువ్వు మర్చిపోయి పనిలో పడు అని. ఆ కుర్రాడే గోర్డన్ హింక్లీ, 1995లో చర్చికి అధ్యక్షుడయ్యారు.

అమ్మగారికి చెప్పడానికి ఇంకొకటి. తెలుగువాళ్ళలో ఈ చర్చి పాతుకున్న కథలో ఒక బాప్టిస్టు పాస్టరు గారు ఉన్నారు. ఆ పాస్టరు గారి అల్లుడు ఎడ్విన్ ధర్మరాజు గారని, సమోవాలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ చర్చిలో చేరారు. 1978 చివర్లో భార్యతో హైదరాబాద్ వచ్చి సొంత చుట్టాలకే చెప్పారు, 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయన మామగారు, ఆ బాప్టిస్టు పాస్టరు గారే. 2012లో మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం) హైదరాబాద్‌లోనే పెట్టారు. అబ్బాయి ఎవరికీ తెలియని చోటికి పోయాడని కాకుండా, మనవాళ్ళు నడిచిన దారే అని తెలిస్తే కాస్త కుదుటపడతారేమో.


కుండబద్దలు:

పైన చెల్లెమ్మ చాలా బాగా రాసింది, కానీ ఆ 1933 ఉత్తరం దగ్గర నేను ఒప్పుకోను. ఆ మాట పనిచేసినవాడు అధ్యక్షుడయ్యాడు కాబట్టి మనకి తెలిసింది. పనిచేయని కుర్రాళ్ళు ఎంతమందో ఎవరు రాసిపెట్టారు? బెంగపెట్టుకున్నవాడికి 'పనిలో పడు' అంటే మందే. జబ్బుపడ్డవాడికి అదే మాట చెప్తే ఇంకో రాయి ఎత్తినట్టు.

నేను మిషన్ చేసినవాణ్ణి కాదు, పిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా పదకొండేళ్ళు చేశాను. కొత్తగా వచ్చి ఏడ్చేవాళ్ళ గురించి నాకు పెద్ద భయం ఉండేది కాదు. ఏడ్చి, ముక్కు చీది, మెస్‌కి పోయి రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు బతికిపోతాడు. ఏడవకుండా 'అంతా బాగుంది సార్' అంటూ కంచంలో అన్నం కెలికేవాణ్ణి చూసి నాకు నిద్రపట్టేది కాదు. కాబట్టి గోదారి గారూ, మీరు కనుక్కోవాల్సింది ఏడుపు సంగతి కాదు. రాత్రి నిద్ర పడుతోందా, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ప్యాంటు వదులైందా, ఇవి అడగండి. వీడియోలో మొహం కాదు, మెడ ఎముకలు చూడండి.

తేడాగా అనిపిస్తే మిషన్ ప్రెసిడెంట్‌తో మాట్లాడమని వాడికే చెప్పండి. ఆ ప్రాంతంలో ఈ కుర్రాళ్ళందరికీ బాధ్యత ఆయనదే, భార్యతో సహా అక్కడే ఉంటారు. ఇక రప్పించడం అంటారా, మీరు రప్పించకండి. వాడే వస్తానంటే మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా రానివ్వండి. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది, ఆ మాట అమ్మగారికి కాస్త నెమ్మదిగా చెప్పండి. ఇది జైలు కాదు, రెండేళ్ళు ఉండి తీరాలని చట్టమేమీ లేదు.


లీహై_బావ:

యూటాలో ఉంటాను, సాఫ్ట్‌వేర్. మేం హిందువులం, మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే పన్నెండు మోర్మన్ ఇళ్ళు. మొదట్లో ప్రతివారం ఎవరో ఒకరు రొట్టెలు చేసి పట్టుకొచ్చేవారు, మా ఆవిడ తిరిగి పులిహోర పంపితే ఆ మూకుడు కోసం ఇప్పటికీ ఎదురుచూస్తారు.

ఇక్కడ ఎయిర్‌పోర్టుకి వెళ్తే తమాషాగా ఉంటుంది. మిషన్ నుంచి తిరిగొచ్చే పిల్లల కోసం బెలూన్లు, బ్యానర్లు, తాతమ్మలు, చంటిపిల్లలు, మన ఊళ్ళో హజ్ నుంచి వచ్చేవాళ్ళకి దండలేస్తారే అలా. అదంతా చూసి నేనూ మురిసిపోయేవాణ్ణి. తర్వాత మా ఎడమ పక్కింటి అబ్బాయి నాలుగు నెలలకే తిరిగొచ్చేశాడు, ఆందోళన జబ్బు. బెలూన్లు లేవు, రాత్రి పూట వచ్చారు. వాళ్ళమ్మ కంచె దగ్గర నిలబడి మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. ఎవరూ చెడ్డ మాట అనలేదట, కనిపించినవాళ్ళంతా 'మళ్ళీ ఎప్పుడు వెళ్తాడు' అని ప్రేమగా అడిగేవారట. ఆ ప్రేమే భరించలేకపోయారు. ఇప్పుడు వాడు ఇంటి దగ్గరే ఉండి సర్వీస్ మిషన్ చేస్తున్నాడు, బీదవాళ్ళకి సరుకులిచ్చే చర్చి గిడ్డంగిలో పెట్టెలు మోస్తాడు, అదీ మిషన్ కిందికే వస్తుంది. అంటే ఇంటికి రావడానికీ ఓడిపోవడానికీ మధ్యలో ఇంకో దారి కూడా ఉంది, మీకు తెలిసుంటే మంచిది.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. మా కుడి పక్కింటివాడు బ్రెజిల్ వెళ్ళి మొదటి నెలంతా ఏడ్చి, ఇప్పుడు కలలు పోర్చుగీసులో వస్తున్నాయంటాడు. మూడు వారాలకి మాత్రం ఏ తీర్మానమూ చెయ్యకండి. నేను అమెరికా వచ్చిన మూడో వారం లాండ్రీ గదిలో కూర్చుని మా అమ్మకి ఫోన్ చేసి వచ్చేస్తానన్నాను. నాకప్పుడు ఇరవైమూడు, పైగా నాకు టీ తాగే స్వేచ్ఛ ఉంది.

ఒక్క సలహా. వాడికి ఈమెయిల్ రాసేటప్పుడు బెంగ రాయకుండా ఇంటి చెత్త అంతా రాయండి. కరెంటు ఎప్పుడు పోయింది, ఎదురింటి కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది, గోదావరి నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయి. నాకు మా నాన్న రాసిన వాటిలో గుర్తున్నది ఒక్కటే, మన బోరింగు పంపుకి వాషర్ మార్చాం అని.


గోదారి_అక్క:

అందరికీ ఒకేసారి రాస్తున్నాను, ఆలస్యమైంది. ఈలోగా రెండు సోమవారాలు అయ్యాయి.

మొదటి సోమవారం విశాఖ చెల్లెమ్మ చెప్పినట్టు రంగు అడిగాను. కాసేపు మాట్లాడలేదు. పొద్దున పసుపు, తలుపులు కొట్టేటప్పుడు నారింజ, పడుకునేటప్పుడు ఆకుపచ్చ అన్నాడు. వార్డెన్ గారి ప్రశ్నలూ అడిగాను. నిద్ర పడుతోంది. ప్యాంటు వదులవడం కాదు, బిగుతైందట! ట్రైనర్ మూడు పూటలా వీటాబిక్స్ (పాలలో వేసుకునే గోధుమ బిళ్ళలు) తింటాడు, వీడు దానికి తోడు బ్రెడ్డు లాగిస్తున్నాడు. అమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ ముసలాయన ఇంటికి మళ్ళీ వెళ్ళారట. కిటికీలోంచి టీవీ వెలుగు కనిపిస్తోంది గానీ తలుపు తియ్యలేదు. వీడు ఒక కాగితం మీద, మీ టీ బాగా లేక కాదండీ, మేం తాగము, ముందే చెప్పాల్సింది అని రాసి తలుపు సందులోంచి వేసి వచ్చాడు. జవాబేమీ రాలేదు. ఇప్పుడు ఎవరైనా టీ అంటే కూర్చోకముందే స్క్వాష్ ఉందా అని అడుగుతున్నాడు, అదేదో నీళ్ళలో కలుపుకునే నారింజ పానకం.

ఆదివారం చర్చివాళ్ళెవరో భోజనానికి పిలిచారు. కంచంలో యార్క్‌షైర్ పుడ్డింగ్ అని వడ్డిస్తే తీపి వంటకం అనుకుని చివరికని పక్కన పెట్టుకున్నాడట. అది మన గారెకి అన్నదమ్ములా గుల్లగా ఉప్పగా ఉందట, ఇంటిల్లిపాదీ వీడి మొహం చూసి నవ్వారు, వీడూ నవ్వాడు. ఇది చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉంది. తర్వాత ఫోన్ పెట్టేసే ముందు మళ్ళీ కొంచెం ఏడ్చాడు, అది వేరే సంగతి.

ధర్మరాజు గారి కథ అమ్మకి చెప్పాను. బాప్టిస్టు పాస్టరు గారు ఎందుకలా చేశారో అని ఒక పూటంతా ఆలోచించి, సరేలే, తెలుగు బాగా వచ్చినాయనై ఉంటారు అంది. రప్పించమని మాత్రం ఈ రెండు వారాల్లో అనలేదు.

అసలు ఇప్పుడు రాస్తున్నది వేరే పని మీద. వచ్చే సోమవారం వాడు ట్రైనర్‌కి చారన్నం పెట్టాలట. గదిలో ఉన్నవి డబ్బా టమాటాలు, ఉల్లిపాయలు, నేను పెట్టెలో పెట్టిన చారుపొడి. చింతపండు పెట్టడం మర్చిపోయాను, కొనడానికి ఆ వీధిలో దొరకలేదట. అది లేకుండా చారు కుదురుతుందా?


లీహై_బావ:

కుదురుతుంది. డబ్బా టమాటాలు రసంతో సహా పోసి బాగా మరిగించమనండి, పచ్చివాసన పోయేదాకా. చారుపొడి తర్వాత. దింపాక నిమ్మకాయ పిండాలి, పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. ఆ ఐడహో కుర్రాడికి మాత్రం కారం సగం వెయ్యమనండి.